నాలుగడుగుల లోతు

ఇంటెనక గుంత ఎందుకని
అడగనోళ్లు లేరు బేతంచెర్లలో.
సెప్టిక్ ట్యాంకు అని చెప్తి మొదట.
అది ముందే ఉంది కదా అన్నాడు మేస్త్రీ నరసోజి,
కొలతదారం అప్పిస్తూ.
అప్పుడు నిజం చెప్తి: ఈతకు.

ఆయన నవ్వలేదు. బీడీ ఆర్పి,
"మూలలు గుండ్రంగా తిప్పు మాబున్నీ,
నీళ్లు మూలల్నే ముందు పగలదీస్తాయి" అన్నాడు.
అంతే.

పన్నెండడుగుల పొడుగు, ఎనిమిది వెడల్పు.
పాలిష్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
రొట్టె తిని గడ్డపార పట్టేదాన్ని.
అడుగున్నర ఎర్రమన్ను,
జానెడు సుద్ద,
ఆ కింద బండ.
బండంటే మా ఊరి బండే,
పొరలు పొరలు. సందులో ఉలి పెడితే లేస్తుంది.
ఇరవై రెండేండ్లు దాని ముఖం రుద్దిన చేతులివి.
దాని వీపు చూసింది ఇప్పుడే.

ఉసేనయ్య మంచం మీది నుంచే లెక్కలేసె:
ట్యాంకరు ఏడొందలు. రెండు కావాల.
"తాగనీకి బిందెలు వరస పెట్టే వీధిలో
మునగనీకి నీళ్లా?"
నేను తట్ట నెత్తికెత్తుకుంటి.
ఆ మాటకు అప్పుడు జవాబు లేదు,
ఇప్పుడూ లేదు.

చిన్నప్పుడు మా తమ్ముళ్లు, మౌలాలీ కాశీమూ,
వీపుకు సొరకాయ బుర్రలు కట్టుకొని
మోటబండ మీది నుంచి బావిలోకి దూకేవాళ్లు.
గట్టున వాళ్ల నిక్కర్లకు కాపలా నేను.
ఎవడి గుండీ ఊడిందో తెలుసు,
ఎవడి జేబులో ఎన్ని చింతగింజలో తెలుసు.
నీళ్లెంత చల్లగుంటాయో తెలీదు.
నేనూ దిగుతా అంటే మా జేజి
"ఆడది బావిలో దిగితే
ఊరంతా తాళ్లు పట్టుకొని వస్తారే" అనె.

ఫ్యాక్టరీ పారేసిన తుక్కుపలకలు తెస్తి.
నల్లవి, బూడిదవి, ఒకటి మాత్రం పండు వక్క రంగు.
ఏ రెండూ ఒక అచ్చు కావు.
సందుల్లో సిమెంటు వేలితోనే పూసినా;
వేలిముద్రలు పోయి
రేషనుషాపు మిషను వారం నన్ను గుర్తుపట్టలేదు.

మొదటిసారి నింపితే
పొద్దున్నకు చీలమండల లోతు మిగిలె.
గోడవతల సుంకులమ్మ,
"నా బొప్పాయికి దేవుడు పోసినాడు" అని నవ్వె.
నరసోజి వచ్చి ఉలి పిడితో ఒక్కో పలకా తట్టుకుంటూ పోయి
ఒకదాని దగ్గర చెవి పెట్టి ఆగె.
డొల్ల.
ఏది అనుకున్నారు? నాకు ముద్దొచ్చి పెట్టుకున్న
ఆ వక్క రంగుదే.

పీకి మళ్లా వేస్తి. మళ్లా ట్యాంకర్లు.
ఈసారి సుంకులమ్మతో ముందే ఒప్పందం:
నీళ్లు పచ్చబడే దినం
బొప్పాయికి, బర్రెకు, ఆమె బట్టలకు.
ఆమె దిగనంటుంది గాని
మధ్యాన్నం ఎవరూ లేనప్పుడు కాళ్లు పెట్టి కూర్చుంటుంది.
చూడనట్టుంటా.

రాత్రి కరెంటు పోయినాక దిగితి.
మోకాలు. నడుము. రొమ్ము.
లోపల గాలి చేరి చీర ఉబ్బె,
నా చుట్టూ పెద్ద సొరబుర్ర మాదిరి.
తొయ్యబోతి. ఎందుకో వదిలేస్తి.
ఒక కాలు బండను విడిచె,
రెండోది ఇంకా నమ్మలేదు.

గట్టున ఉసేనయ్య,
ఒడిలో నా పొడిచీర.
"చల్లగుందా?" అంటాడు.
నోట్లో నీళ్లు, చెప్పలేకపోతి.
కొంగు ముడిలో ఇరవై రూపాయలున్నాయి.
తడిమే ఉంటాడు ఈపాటికి.