చూడ్డానికేముంది

మా ఊళ్లో చూడ్డానికేముంది వదినా,
కంది చేలు, చిల్లచెట్లు,
పొద్దున ఒక పాసింజరు, సాయంత్రం ఒక పాసింజరు
అన్నాను.
శేషారత్నం వింటేగా.
చీరాల్లో ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు దించి కూచున్న మనిషి,
వచ్చిన రెండు రోజులూ
ఆ కాళ్లకి ఏదో ఒకటి చూపించి తీసుకుపోతానంది.

మస్తాన్‌వలి ఆటో మాట్లాడాం.
నాలుగొందలన్నాడు,
మా ఆయన పేరు చెబితే మూడొందల యాభైకి దిగాడు.

మొదట దొనకొండ ఏరోడ్రమ్.
తెల్లోళ్ల కాలంలో విమానాలు దిగేవంట.
ఇప్పుడు మేకలు దిగుతున్నాయి.
పగుళ్లలో తంగేడు పూసింది.
గాలి ఒక్కటే ఇంకా ఆ పాత ఉద్యోగంలో ఉంది:
ఆ చివర్నుంచి పరిగెత్తుకొచ్చి
మా ఇద్దరి కొంగులూ ఎత్తి చూసి
ఎగిరే రకం కాదని వదిలేసి పోయింది.

తర్వాత గుండ్లకమ్మ.
పేరుకు తగ్గట్టు నీళ్లకన్నా గుండ్లే ఎక్కువ.
మడుగులో ఒంటికాలి మీద ఒక కొంగ,
బాకీ వసూలుకొచ్చి వాకిట్లో నిలబడ్డట్టు.
వదిన చెప్పులు విడిచి మోకాళ్ల దాకా దిగింది.
"ఈ రంగు కోసం ఎన్నిసార్లు నూలు అద్దకానికిచ్చానో,
ఒక్కసారీ రాలేదు" అంది.
నాకు కనిపించింది నీళ్లే.

చందవరం గుట్ట మీదికి పోయేసరికి
దానియేలు అన్నం తింటున్నాడు.
చెయ్యి కడుక్కొని, తాళం తీసి,
ఇటుకల స్తూపం చుట్టూ తిప్పాడు.
"రెండువేల ఏళ్లమ్మా. పోయినవి పోగా మిగిలినవి ఇవి."
నేను నీడ చూసుకున్నాను.
వదిన మాత్రం పలకల ముందు గొంతుక్కూర్చుని
వేలితో చదవడం మొదలుపెట్టింది:
"ఇది అంచు. ఇది పేట. ఇవి బుటాలు.
ఇదిగో, ఇక్కడ చెయ్యి తప్పింది,
ఈ రేకు పక్కదానికంటే సన్నం.
పొద్దు వాలాక చెక్కి ఉంటాడు పాపం,
కళ్లు లాగేసి."

రెండువేల ఏళ్ల మీద ఎవరైనా
పాపం అనడం అదే వినడం.

చివరి పలక ఏటవాలుగా విరిగి ఉంది.
తామర సగం దగ్గరే ఆగిపోయింది.
"మిగతా సగమేదీ?"
దానియేలు నవ్వాడు.
"చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని గడపలున్నాయో
అన్నీ వెతకాలమ్మా."

వదిన నా వైపు తిరిగింది.
"నిన్న సాయంత్రం నేను కాళ్లు కడుక్కున్న బండ..."
మణికట్టు మీద గట్టిగా గిల్లాను.

దారంతా ఆటో శబ్దం తప్ప ఏమీ లేదు.
కంది చేల మీద పాలపిట్ట కనిపిస్తే
మస్తాన్‌వలే చూపించాడు,
మేమిద్దరం ఆ అన్నాం.

రాత్రి దొడ్లో టార్చి పట్టుకున్నాను.
నేను మడమలు రుద్దుకునే వైపు,
పేరుకున్న సబ్బు మడ్డిని
వదిన పిన్నీసుతో గీకింది.
ఒక రేకు. రెండు.
మూడోది సన్నం.
"అదే చెయ్యి" అంది.
"కాదు, ఇరవై రెండేళ్ల నా మడమ" అన్నాను.
ఇద్దరం నవ్వబోయి
మా ఆయన లేస్తాడని నోళ్లు మూసుకున్నాం.

ఆదివారం పాసింజరుకి ఆమె వెళ్లిపోయింది.
కిటికీలోంచి, బండి కదులుతుండగా,
"చూడ్డానికేముందన్నావు" అని ఊరికే అంది.

సోమవారం దానియేలుకి చెబుదామనుకున్నాను.
ఇవాళ గురువారం.
విడిచిన బట్టలు గుట్టయ్యాయి.
బండ మీద బిందెడు నీళ్లు కుమ్మరించి నిలబడ్డాను.
పైన ఎండకి వెంటనే ఆరిపోయింది,
పక్కన గీతల్లో తడి
చాలాసేపు నల్లగా ఉంది.

లుంగీ ఎక్కడ ఉతకాలో తోచక
బకెట్లో ముంచి
అట్లాగే వదిలేశాను.