కనిష్ఠం

ఎండకాలం సాయంత్రమైతే పేపరాయన ఫోన్ చేస్తడు.
"ఇయ్యాల ఎంతన్నా?"
నేను గరిష్ఠం చెప్త.
నలభై అయిదు దాటిందంటే ఆయన గొంతుల
పెండ్లి పిలుపొచ్చినంత సంబురం.
తెల్లారి మొదటి పేజీల ఎర్రటి సూర్యుడు,
మూతికి రుమాలు కట్టుకున్న కాలేజి పిల్లలు.

కనిష్ఠం ఎవరూ అడగరు.

పొద్దుగాల ఎనిమిదిన్నరకు
తెల్లచెక్క పెట్టె తలుపు తీస్త.
అడ్డంగ పండుకున్న గాజుగొట్టం,
లోపల సారాయి జాతి ద్రవం,
అందుల చీమంత నల్లసూది.
రాత్రి చల్లబడ్డకొద్దీ ద్రవం ఎనక్కి జరుగుకుంట
సూదిని గుంజుకపోతది.
మళ్ల పొద్దెక్కినా సూది కదలదు.
చల్లదనం ఎక్కడిదాక వచ్చి మళ్లిందో
అక్కడ్నే కూసుంటది, సాక్షి లెక్క.
ఇరవై ఆరేండ్ల సంది
ఆ సాక్షి మాట రిజిస్టర్ల రాస్తున్న.
ఇప్పుడిప్పుడు దానికి
ఎక్కువ దూరం నడిచే పని పడుతలేదు.

మా నాయిన మల్లారపు ఓదెలు
గోదావరిఖని గనిల సర్దార్.
చేతిల దీపం, అది వెలుగు కోసం కాదు.
"గాలికి రంగుండదు కొడకా, వాసనుండదు,
ముంగట నిలబడ్డా కనబడదు.
దీపమే చెప్తది.
మంట మీద నీలిటోపి లేస్తే ఒకటి,
మంట కుంగితే ఇంకొకటి.
అది చెప్పినంక వాదులాడొద్దు,
మందిని బయటికి నడిపియ్యాలె."

ఆయన తవ్వించిన బొగ్గు
రామగుండం పొగగొట్టాలెక్కి పోయింది.
బూడిదైంది బూడిదై
మా అంట్ల మీద వాలింది, తోముకున్నం.
కనబడకుండ పోయిందే పోలేదు.
బడిల దాని పేరు బొగ్గుపులుసు వాయువు,
అన్నంల కలుపుకునేదాని లెక్క.
పగటి వెలుగును అది ఆపదు, దర్జాగ దిగనిస్తది.
రాత్రి నేల ఆ వేడిని ఎనక్కి పంపబోతే
ప్లాంటు గేటుకాడ తుక్కు దొంగల కోసం
టిఫిన్ డబ్బ మూత తీయించినట్టు
అడ్డం నిలబడి సోదా చేస్తది.
దొరికినకాడికి గుంజి
మళ్ల మా డాబాల మీదికే ఇసురుతది.
అసలే ఆపకుంటే గోదారి గడ్డకట్టేదట, చదివిన.
కాపలా మరీ ఎక్కువైంది, గదే ముచ్చట.
పుస్తకంల దీన్ని హరితగృహం అంటరు.
పచ్చదనం నాకైతే కనబడలే.
గృహం మాత్రం నిజమే, రేకుల గృహం.

మొన్న మే నెలల భీమక్క వచ్చింది.
మొగడు పోశం
బూడిద లారీలకాడ కాంట్రాక్టు కూలి.
పగలంత ఎండల పనిజేసి నడుసుకుంట ఇల్లు చేరిండు,
చారుతోని ఇంత తిన్నడు.
కరెంటు పోయింది.
(దేశానికంత కరెంటిచ్చే ఊర్ల, అవును.)
తడి తువ్వాల ఛాతిమీద పరుసుకొని పండుకున్నోడు
కోడికూతకు లేవలే.

దఫ్తర్ల అడిగిర్రట,
"వడదెబ్బ పగటిపూట గదా తలిగేది?
రాత్రి ఎండ ఎక్కడిదమ్మా?"

"ఆ రాత్రి లెక్క రాసియ్యి సారూ."

రిజిస్టర్ తిప్పిన.
సూది చెప్పింది: ముప్పై మూడు పాయింట్ రెండు.
తెల్లకాగితం మీద తేదీ ఏసి రాసిచ్చిన, ముద్ర కొట్టిన.
ముద్ర కొట్టే అధికారం
నాకున్నదో లేదో ఎవరినీ అడగలే.
దీపం చెప్పినంక వాదులాడొద్దు.

భీమక్కకు సదువు రాదు.
అంకె పక్క మాటను వేలుతోని ముట్టింది.
"ఇదేం రాసినవ్?"
"కనిష్ఠం."
"అంటే?"
"అన్నిట్ల తక్కువది."
చానాసేపు కాగితం దిక్కే చూసింది.
"తక్కువని రాస్తే ఎట్ల నమ్ముతరు సారూ?"

ఆమె పోయినంక
గొట్టం వంచి సూదిని ద్రవం అంచుకు తెచ్చిన.
రేపటి రాత్రికి తయారు.

సాయంత్రం ఫోన్.
"ఇయ్యాల ఎంతన్నా?"
"ముందు రాత్రిది రాసుకో."
"రాత్రిదా?" నవ్విండు.
"రాత్రిది ఎవరు సదువుతరే?"