నడిమి గోడ

కుతాయిసిలో నన్ను అందరూ
ముక్కుసూటి మనిషి అంటారు.
పుచ్చిన గోధుమల్ని పుచ్చినవనే అంటాను,
అప్పు ఎగ్గొట్టినవాణ్ణి బజార్లో పేరుపెట్టి పిలుస్తాను.
డాక్టర్ ఈతెరి ఫిల్మును వెలుగుకెత్తి పట్టి
"నానూలీ, నీ ముక్కు సూటి కాదమ్మా" అంది.

నల్లటి ఫిల్ములో తెల్లటి గీత.
నడుమ ఎడమకి ఒరిగి, మళ్లీ వెనక్కి తిరిగి,
అచ్చం నేను రోజూ మూడొందలు కాల్చే శోతి రొట్టెలా,
రెండు కొసలూ లాగిన పడవలా.
ఎడమ దారి పిల్లి మీసం దూరేంత.
పోనీ కుడి దారైనా ఖాళీ అనుకుంటే
అక్కడా కండ ఉబ్బి కూర్చుంది,
జాగా కనబడగానే పక్కింటివాళ్లు దించిన కట్టెల మోపులా.

"నిట్టనిలువు గోడ ఎవరికీ ఉండదు.
ఊపిరి ఆడినంతకాలం ఎవరూ కొలవరు."
చుక్కల మందు వాపు తగ్గిస్తుందట,
గోడను తిప్పలేదట.

ఎప్పుడు వంగింది అని అడిగింది.
గుర్తే.
పదకొండేళ్లప్పుడు, ఇద్దరం పిండి బస్తా ఈడుస్తుంటే
తమ్ముడు మల్ఖాజ్ మోచెయ్యి.
రక్తం చూసి వాడే ముందు ఏడ్చాడు.
రియోని ఒడ్డున మొహం కడిగి
మెట్ల మీంచి పడ్డానని కథ అల్లుకున్నాం.
నలభయ్యేళ్లు ఆ అబద్ధం మీద
ఒక్క పక్కకే పడుకున్నాను.

మా కొట్టు మధ్యలోనూ ఇప్పుడొక గోడ.
నాన్న పోయాక మూడు రోజుల్లో లేచింది.
అటు వాడి పొయ్యి, ఇటు నాది.
అదీ వంకరే.
మేస్త్రీ కూలి సగం సగం ఇచ్చాం,
కొలతలు మాత్రం ఎవరివి వాళ్లం చెప్పాం.

"గోడ తీసేస్తారా?"
"తీసేస్తే ముక్కు కూలుతుంది.
పైనా ముందూ దూలంలా కొంత ఉంచాలి.
లోపలే చిన్న గాటు పెట్టి, పొరను రెండు వైపులా లేపి,
వంగిన ఎముకనీ మృదులాస్థినీ
తీసినంత తీసి, సరిచేసినంత సరిచేసి
పొర మూసి కుట్టేస్తాను.
బయటికి మచ్చ ఉండదు."
మచ్చ కనబడని పనులంటే నాకు నమ్మకం తక్కువ.
అయినా సంతకం పెట్టాను.

గంటో, గంటుంబావో. నాకేం తెలుసు.
లేచేసరికి ముక్కులో రెండు మెత్తటి రేకులు,
పెదవి మీద గాజుగుడ్డ, గొంతులో ఇనుప రుచి.
చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.
బరువెత్తకూడదు. తల వంచకూడదు.
తల వంచకుండా బావిలాంటి పొయ్యి గోడకి
రొట్టె ఎలా అతికించను?
కొట్టు మూశాను.
రాత్రంతా కుర్చీలో, నోటితో గాలి తాగుతూ,
గోడవతల వాడు పిండి బాదే చప్పుడు వింటూ.

ఎనిమిదో రోజు రేకులు లాగేసింది.
నొప్పి కన్నా వింత ఎక్కువ.
చన్నీళ్లు కుమ్మరించినట్టు గాలి, నుదుటి దాకా.
బజారు మీదుగా నడిచాను.
ఎండిన బంతిపూల పొడి, అక్రోట్లు, తడిసిన కుక్క,
ఎవరి జేబులోంచో పొగాకు,
నా కోటులోంచి నేను.
మంచి వాసనలే వస్తాయని ఎవరూ మాటివ్వలేదుగా.

కొట్టు తెరిచి చీకట్లో నిలబడ్డాను.
గోడవతల రొట్టె మాడుతోంది.
ముందు కొస, తర్వాత అడుగు,
ఇటు నుంచే చెప్పగలను.
వాడితో మాట్లాడి మూడేళ్లు.
ఇటుక మీద అరచేత్తో చరిచి
"మల్ఖాజ్, మాడుతోంది" అన్నాను.
కాసేపు ఏమీ లేదు.
"తెలుసు" అన్నాడు.
తెలీదు వాడికి. ఊచ గబగబా గీరుకున్న చప్పుడు.
తర్వాత, ఇటుకకి దగ్గరగా,
"నీ గొంతేంటి అలా మారింది?"

ఎడమ పక్క ఇంకా పక్కు కడుతోంది.
రోజుకి నాలుగుసార్లు ఉప్పునీళ్లు కొట్టుకోవాలి.
బదులు చెప్పే ముందు
ఆ సీసా ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను.