తెరకి వీపు పెట్టి

ఏం చేస్తుంటావని అడిగితే
సినిమాల్లో పని అంటాను.
అడిగినవాడి మొహం వెలుగుతుంది.
గాంధీనగర్లో, మూడో అంతస్తు,
కిటికీ తీస్తే పక్క మేడ గోడ
అని తర్వాత చెబుతాను.
ఆరిపోతుంది.

చేరిన కొత్తలో రేపల్లె పంపారు, రెప్‌గా.
'తెర చూడమాక, తలకాయలు చూడు'
అన్నాడు ముప్ఫయ్యేళ్ళు అదే పని చేసిన వీరభద్రం గారు.
నేల, బెంచీ, బాల్కనీ.
చంకనెక్కిన పిల్లకి టిక్కెట్టు లేదు,
నడిచొచ్చిన పిల్లకి ఉంది.
టిక్కెట్టు తీసుకోవాల్సిన పిల్లలు చాలామంది
గేటు దగ్గరికి రాగానే చంకనెక్కేవాళ్ళు.

తెరకి వీపు పెట్టి నించున్నాను.
చీకట్లో మొహాల మీద నీలం, ఎరుపు, మళ్ళీ నీలం.
కథలో ఎవరో చచ్చిపోయారని
ఆ మొహాలు చూసే తెలిసింది నాకు.
నూట ఎనభై రెండు అని రాసుకున్నాను,
ఏడ్చేవాళ్ళతో కలిపి.

ఇప్పుడు మా కంపెనీ పెద్దది.
పాత బోర్డు మీదే కొత్త బోర్డు కొట్టారు,
మేకులు మారలేదు.
మా పైవాళ్ళకి పైవాళ్ళు బొంబాయిలో,
వాళ్ళ పైవాళ్ళు ఇంకెక్కడో,
మన అర్ధరాత్రి వాళ్ళకి భోజనాల వేళ.
మెళ్ళో తాడు, తాడుకి నా ఫోటో.
తలుపు ఆ ఫోటోకి తెరుచుకుంటుంది,
మర్చిపోయొస్తే నాకు తెరుచుకోదు.

సోమవారం మీటింగులో
ఇస్త్రీ నలగని కుర్రాడొకడు కంప్యూటర్లోంచి అంటాడు:
'మనం అమ్మేది ఆనందం.'
కిలో ఎంతంట, అని నా చెవిలో శేషారత్నం.
ఆవిడ అకౌంట్సు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు.
పిడుగురాళ్ళ బాకీలు పుస్తకం చూడకుండా చెబుతుంది.
ఏ బొమ్మ ఎన్నాళ్ళాడిందో కాదు,
ఏ బొమ్మలో ఎవరి పొలం పోయిందో గుర్తు ఆవిడకి.

ఆఖరి బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని మోసిన
ఆ రేకు పెట్టెలు లేవిప్పుడు.
తాళంచెవి పంపుతాం అంతే, అంకెల తాళంచెవి.
నేనిక్కడ నొక్కితే గుంటూరులో బొమ్మ పడుతుంది.

మొన్న పెద్ద బొమ్మ రిలీజు, రాత్రి ఒకటిన్నర.
చిలకలూరిపేట నుంచి ఆపరేటర్ మస్తాన్ వలీ:
'సార్, తాళం పడట్లా. జనం గేటు ఊపేస్తన్నారు.'
ఓనరు పాత బాకీ కట్టలేదు. పైనుంచి సరే అనాలి.
మెయిలు పెట్టాను.
పైవాడు నిద్ర. వాడి పైవాడు అన్నం తింటున్నాడు.

నలభై నిమిషాలు.
వలీ ఫోను పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.
ఈలలు, టపాకాయలు,
ఎవడో మా కంపెనీని తల్లీ చెల్లీ కలిపి తిట్టడం
ఇద్దరం కలిసి విన్నాం.
తప్పేం లేదనిపించింది.

'సార్, మీరు చూశారా ఈ బొమ్మ?'
లేదు వలీ.
'నేనూ అంతే సార్. కన్నంలోంచి చూస్తా,
మిషన్ల హోరులో మాట వినపడదు.
పెదాలు కదులుతుంటయ్, మనమే ఏదో అనుకోవాల.'

రెండూ పదికి సరే వచ్చింది.
నొక్కాను.
ఫోను పట్టుకెళ్ళి వాడు బాల్కనీ మెట్ల మీద పెట్టినట్టున్నాడు.
ఖాళీ ఆఫీసులో, ట్యూబులైటు కింద,
బల్ల మీద సన్నగా వణుకుతూ నా ఫోను:
అరుపులు. కాసేపు అరుపులు.
తర్వాత ఒక్కసారిగా అందరూ ఊరుకోవడం.
అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయాను.
నిశ్శబ్దంలో తలకాయలెట్లా లెక్కపెడతాం?

తెల్లారి ఏలూరు కాలవ గట్టున
టీ వడపోస్తూ సాంబయ్య అడిగాడు,
ఈ పేటలో అందరూ అడిగే మాటే:
'బొమ్మెట్టుంది?'

బాగుందన్నాను.
చూశావా అన్నాడు.

విన్నాను.