ఎన్ మైనస్ ఒకటి

మధ్యాహ్నం రెండింటికి గణాంకశాస్త్రం చెప్పడమంటే
నిద్రపోతున్న ఊళ్లో టముకు వేయడమే.
మిగతావాళ్లు కళ్లు తెరిచి నిద్రపోయేవాళ్లు.
నలభై మూడో నంబరుకు ఆ మొహమాటం లేదు.
చెంప కింద గ్రాఫు పుస్తకం,
బెంచీ బయటికి చాచిన ఎడమ కాలు.
దగ్గరికెళ్తే నొప్పుల మందు వాసన,
దాని వెనకే, సంచిలోంచి దోర జామకాయల వాసన.

పేరు అవద్ బిన్ సాలెహ్. ఇల్లు బార్కస్‌లో.
"మబ్బుల్నే లేస్త మేడం, ప్రాక్టీసుంటది."
అక్కణ్ణించి మా కాలేజీకి రెండు బస్సులు,
రెండో దాంట్లో నిలబడే బూట్లు మార్చుకుంటాడట.
తెల్లవారుజాము మట్టి
నా క్లాసు గచ్చు మీద మధ్యాహ్నం దాకా రాలేది.
ఊడ్చే యాదమ్మ వాణ్ణి వదిలి
నన్ను తిట్టేది.

నాకు బంతాట తెలియదు.
తెలిసిందల్లా డెబ్బై అయిదు శాతం.
అంతకు తగ్గితే జరిమానా,
ఇంకా తగ్గితే సంవత్సరమే గల్లంతు.
వాడిది అరవై ఒకటి దశాంశం నాలుగు.
ఆ దశాంశం దాకా లెక్క కట్టింది నేనే,
ఎర్ర సిరాతో.

రెండు పడవల మీద కాళ్లెందుకు బాబూ,
అన్నారు ప్రిన్సిపాల్ గారు.
"రెండు కాళ్లూ ఒక్కదాని మీదనే పెడితే
బంతిని దేంతోని తంతం సార్?"
వాడు వెటకారంగా అనలేదు.
నిజంగానే అడిగాడు.

మోకాలికి గ్యారంటీ లేదు, డిగ్రీ చేసుకో, అంటుంది వాళ్లమ్మ.
పుస్తకం ఎప్పుడైనా తెరుచుకుంటది,
పంతొమ్మిదేళ్లు మళ్లీ రావు, అంటాడు కోచ్.
ఇద్దరిదీ నిజమే.
వాడు ఇద్దరికీ తలూపి
బస్సెక్కుతాడు.

హాజరు మినహాయింపుకు మైదానం నుంచి ఒక సంతకం కావాలి.
వాడు రోజూ మరిచిపోతుంటే నేనే వెళ్లాను.
గోడ పక్కన లుంగీల పెద్దమనుషులు
చాయ్ చల్లారబెట్టుకుంటూ రెఫరీని శపిస్తున్నారు.
బంతి అవతలి కొసన ఉంది.
వీడు ఇవతల ఒంటరిగా
రెండడుగులు వెనక్కి, ఒకటి ఎడమకి,
మళ్లీ అర అడుగు.
ఎవరూ చూడని అడుగులు.
ఇంకా జరగనిదాన్ని లెక్క కడుతున్నాడు.
మూడు నెలలుగా బోర్డు మీద
నేను గొంతు చించుకుంటున్నది దీని గురించే కదా!
సంతకం మాట మరిచి
చీకటి పడేదాకా నిలబడ్డాను.

డిసెంబరులో గోవా నుంచి పిలుపు.
ఒక క్లబ్బు రిజర్వు జట్టు, ఏడాది కాగితం,
జీతం మా యాదమ్మ జీతం కన్నా అయిదు వేలు ఎక్కువ.
రైలు ఆరోజే, పరీక్షా ఆరోజే.
హాలు మూలన సంచీ, సంచీకి వేలాడుతూ బూట్లు.
మూడు గంటల పేపరుకు
తొంభై ఏడు నిమిషాలు రాసి లేచాడు.
ఆఖరి లెక్క సగంలో ఉంది.
దారం ముడి వేసి నా చేతికిచ్చి
మెట్ల మీద పరుగు.
తొంభై సరే, ఆ ఏడేమిటని ఇంటికెళ్లి మా అమ్మాయినడిగాను.
గాయాలకీ, ఆగిపోయినందుకూ కలుపుతారమ్మా, అంది.

పాసయ్యాడా?
రెండు పేపర్లు మిగిలాయి.

ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోను మోగుతుంది.
ఏదో ఊరి హోటలు బిల్లు వెనక రాసిన లెక్క, ఫొటో.
నిన్న మూడో వరుసలో తప్పు.
ఎన్‌తో భాగించాడు. ఎన్ మైనస్ ఒకటితో భాగించాలి, అని పెట్టాను.
"ఆ ఒక్కటి ఎందుకు తీసేస్తరు మేడం?"

పాఠంలో జవాబుంది. టైపు చేసి, చెరిపేశాను.
పొద్దున క్లాసులో
నలభై రెండు దగ్గర ఒక క్షణం ఆగి
నలభై నాలుగు అన్నాను.
గచ్చు అద్దంలా ఉంది.
ఆ మట్టి పిలగాడు ఇగ రాడా, అంది యాదమ్మ, చీపురు ఆనించి.

ఆ పాఠం చెప్పినరోజు నువ్వు నిద్రపోయావు, అని రాశాను వాడికి.
ఏప్రిల్లో సప్లిమెంటరీకి వస్తావుగా, అప్పుడు చెప్తా.

"మ్యాచ్ లేకుంటే వస్త మేడం."