తెగని తీగ

మార్ దెల్ ప్లాతా ఓడరేవు వెనక సందులో
ఎల్విరా గొరోస్తియాగా కొట్టు.
బోర్డు లేదు. లోపల ఒక బిగింపు యంత్రం, మూడు రీళ్లు,
గోడకి మేకు కొట్టి వేలాడదీసిన పాత వల ముక్క.
ఇరవై ఏళ్లు పడవలకి వలలు అల్లిన చేతులు
ఇప్పుడు రాకెట్లకి తీగలు బిగిస్తాయి.
"చేపకీ బంతికీ తేడా ఒకటే," అంటుంది,
"బంతిని పట్టాక వదిలెయ్యాలి."

నా గోడు చెప్పుకున్నాను.
రాత్రి బస్సు నడుపుతాను, ఆదివారాలు ఎర్రమట్టి కోర్టు.
నేను కొట్టిన ప్రతి బంతీ గీత దాటి కంచెకి తగుల్తోంది.
పోస్టాఫీసు బెర్నాబేకి అరవై మూడేళ్లు, ఒక మోకాలు సొంతది కాదు,
వాడి బంతి మాత్రం గీతకి జానెడు లోపల వాలి
కొమ్ములొచ్చిన దూడలా నా భుజం మీదికి దూకుతుంది.
నాకూ అలాంటి తిప్పుడు కావాలి. అదుపు కావాలి.

"కళ్లు మూసుకో" అని
మూడు తీగ ముక్కలు చేతిలో పెట్టింది.
ఒకటి తాడులా మెలి తిరిగింది.
ఒకటి అయిదు పలకలది, గోటికి గరగరలాడింది.
ఒకటి ఉత్త గుండ్రం, వాన చినుకు జారినంత నునుపు.

"పలకలదే ఇవ్వు. బంతిని కొరకాలి."
ఎల్విరా నవ్వలేదు. బల్ల మీది రాకెట్ తీసి
నిలువు తీగనొకదాన్ని వేలితో పక్కకి తోసి వదిలింది.
టక్.
"విన్నావా? జారింది, తిరిగొచ్చింది.
ఆ తిరిగి రావడంలోనే బంతి గిర్రున తిరుగుతుంది.
పళ్లుంటే మంచిదే. ముందు జారడం రావాలి."

పట్టూ విడుపూ అని మనం ఊరికే అనేస్తుంటాం,
ఆ టక్‌లో రెండూ ఉన్నాయి.

"సరే, నునుపుదే. ఇరవై అయిదు కిలోలకి లాగు,
బిగువుంటే అదుపుంటుందిగా."
"ఎవరి అదుపు?" అంటూ
నా మోచేతి పక్క ఎముక మీద బొటనవేలు నొక్కింది.
గేరు మార్చి మార్చి అరిగిన చోటు.
కుర్చీలోంచి లేచి నుంచున్నాను.
"ఇరవై ఒకటి" అంది, మారు మాట లేదన్నట్టు.
"గట్టి తీగని గట్టిగా లాగితే బిల్లు మోచెయ్యి కడుతుంది."

యంత్రం కిర్రుమంది. అడ్డ తీగలు ఒకటి పైన, ఒకటి కింద,
మాట్లాడకుండా గంటసేపు అల్లింది.
చివరి ముడి వేసి, పిడి పైన కాగితప్పట్టీ అంటించి
తారీఖు రాసింది: జూన్ ఇరవై.
"ఆ రోజుకి కోసెయ్."
"తెగకపోయినా?"
"తెగదు. అదే దీంతో చిక్కు.
పేగు తీగైతే తెగి చెప్తుంది.
ఇది లోపల చచ్చి, పైకి బాగానే ఉంటుంది."

తెగేదాకా లాగొద్దంటారు.
తెగనిదాన్ని ఎందాకా లాగాలో
ఏ పెద్దవాళ్లూ చెప్పి పోలేదు.

డబ్బులిస్తూ గోడ మీది వలని చూశాను. చూస్తున్నానని చూసింది.
"ఆ పడవ రాలేదు," అంది చిల్లర లెక్కపెడుతూ,
"వల ఒడ్డుకొచ్చింది. ఒక్క ముడి ఊడలేదు."
నోట్లు రెండు నా చేతిలో పెట్టి, తలుపు గాలికి కొట్టుకోకుండా
ఇటుకరాయి అడ్డం జరిపింది.

ఆదివారం ఓడిపోయాను, ఆరు నాలుగు, ఏడు అయిదు.
అయితే ఒక్క బంతి,
దక్షిణపు గాలిలో పైకి లేచి, పోయిందిరా అనుకున్నది,
నడి ఆకాశంలో ఏదో గుర్తొచ్చినట్టు
ముక్కు వంచి గీత మీద వాలింది.
బెర్నాబే కళ్లద్దాలు తుడుచుకుని, ఆ మచ్చ దగ్గరికి నడిచొచ్చి
చాలాసేపు నుంచున్నాడు.
దానికోసమే ఇంకా కొయ్యలేదు.

ఇవాళ జూలై తొమ్మిది.
డిపోలో బస్సు ఆపి, సీటు కింద నుంచి రాకెట్ తీశాను.
కాగితప్పట్టీ చెమటకి మాసి, తారీఖు మాత్రం చదవొస్తోంది.
నిలువు తీగని వేలితో పక్కకి తోసి
వదిలి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

చప్పుడు లేదు.
తోసిన చోటే ఉంది, కొంచెం వంకరగా,
తెగకుండా.