ఇంటిపేరు, ఇంట్లో పేరు

హాజరు పట్టీలో పేరుకి ఇరవై ఒక్క గళ్ళే ఇచ్చారు.
ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటీ ఒక్కో గడిలో కూచోగా
మద్దిపట్ల వేంకట నా
అని ఆగిపోయింది,
ఎవరో నావాడు అనబోయి మానుకున్నట్టు.
నాగ హర్షవర్ధన్‌లో మిగతాదంతా గోడ అవతలే.

ఫహాహీల్‌లో ఆరో తరగతి, బి సెక్షన్.
కిటికీలోంచి చూస్తే పట్టపగలు కూడా రిఫైనరీ మంట.
రోజూ పొద్దున్నే పిలుస్తాను: "మద్దిపట్ల!"
ముప్పై ఎనిమిది మందిలో ఒక పిల్లాడు
తాతముత్తాతలందరి తరఫునా లేచి
"ప్రెజెంట్ మిస్" అంటాడు.

ఇక్కడ అందరికీ ఇంతే.
బ్యాంకులో నన్ను మా మామగారి పేరుతో పిలుస్తారు.
పోయి పద్నాలుగేళ్ళయిన మనిషి
నలభై మూడో నంబరు టోకెన్ పట్టుకుని
కౌంటరు దగ్గరికి నాలాగా నడిచి వెళ్తాడు.

మొన్న వాడి అమ్మమ్మ,
మూణ్ణెల్ల విజిట్ వీసా మీద వచ్చిన మనిషి,
వాడు మరిచిపోయిన అన్నం డబ్బాతో గేటు దగ్గర నిలబడి
కాపలా ఉన్న ఈజిప్టు ఆయన్ని లెక్కచెయ్యకుండా
"ఒరేయ్ బుడంకాయ్!" అని ఒక్క కేక వేసింది.
మూడో పీరియడ్ అయ్యేసరికి ఆ పేరు క్లాసంతా దొర్లింది.
అర్థం తెలియని నోళ్ళలో మరీ నున్నగా దొర్లింది.
షిబిన్ బుడం అన్నాడు, జరీనా కాయ్ కాయ్ అంది,
ఎవరో బోర్డు మీద సున్నా చుట్టి రెండు కాళ్ళు పెట్టారు.

అర్థం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.
అదే తప్పయింది.
చేలగట్టున చారల చారల చిన్న కాయ,
కొరికితే చేదు, పండితే ఎంత వాసనో!
పదకొండేళ్ళుగా ఇసకలో ఉన్నదాన్ని,
ఆ మాట చెవిన పడగానే నోరూరింది.
"బుడంకాయ్, బోర్డు తుడువు నాన్నా" అన్నాను.
ముద్దుగానే అన్నాను.
క్లాసు నవ్వింది.
వాడు తుడిచాడు, సున్నా పోయాక కూడా
చాలాసేపు తుడిచాడు, మా వైపు తిరగకుండా.

బస్సెక్కే ముందు వచ్చి చెప్పాడు:
"మీరు రోజూ పిలిచేది ఇంటిపేరు మిస్.
అది ఇంట్లో పేరు."

"రికార్డులో ఉన్నదే పిలవండి, గొడవుండదు"
అన్నారు హెడ్మిస్ట్రెస్.
"పిలిస్తే పలికేదే పేరు" అంది హిందీ మిస్
చాయ్‌లో రస్కు ముంచుతూ.
నాకు రాజంపేటలో మా లెక్కల సారు గుర్తొచ్చారు.
ఐదేళ్ళు నన్ను పొట్టీ అన్నారు, ప్రేమగానే.
పలికాను కూడా, ఐదేళ్ళూ.
పదో తరగతి హాల్ టికెట్లు పంచుతూ
ఒకటి వెలుతురుకి పెట్టి చూసి
"ఈ వకుళ ఎవరమ్మా?" అని అడిగారు.

మర్నాడు వాణ్ణే అడిగాను, ఏమని పిలవమంటావని.
అలాంటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేనట్టు చూశాడు.
"హర్ష.
లెక్కల్లో వంద వస్తే మాత్రం
ఒక్కసారి ఆ పేరు అనొచ్చు. చెవిలో. తెలుగులో."
అది తెలుగే కదరా!
"షిబిన్ అన్నప్పుడు కాదు మిస్."

గురువారం మధ్యాహ్నం తౌజ్ లేచింది.
ఆకాశం మిరపపొడి రంగు. బస్సుల నంబర్లు కనపడవు.
వాడు వేరే బస్సు వైపు నడిచి వెళ్తున్నాడు.
హర్షా! అని అరిచాను.
ఎవరివో రెండు తలలు తిరిగాయి, వాడిది కాదు.
నా దగ్గర ఒక మాట ఉంది,
అంటే చాలు, ఏ గాలిలోనైనా ఆగుతాడు.
పళ్ళ దాకా వచ్చింది.
ఇసకతో పాటు మింగేశాను.
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
గ్రౌండంతా పరుగెత్తి వాడి భుజం పట్టుకున్నాను.

యూనిట్ టెస్టులో డెబ్బై ఒకటి వచ్చాయి.
పేపరు దిద్దింది నేనే.
ఒక్క మార్కు కూడా ఊరికే వెయ్యలేదు.